అడ్రస్ ఉంది, చేను లేదు

ప్రోగ్రామ్ ఎక్కడ తేడా కొడుతోందో అర్థం కాకపోతే మనందరం చేసేది ఒకటే. ప్రతి ఫంక్షన్ మొదట్లో ఒక ప్రింట్ లైన్ పెట్టి చూస్తాం. లినక్స్ కెర్నల్‌లో ఇలాంటి పని చేసే ట్రేసర్ పేరు ఎఫ్‌ట్రేస్. స్టీవెన్ రోస్టెడ్ తయారుచేసిన ఈ ట్రేసర్ 2008 అక్టోబరులో, 2.6.27 వెర్షన్‌లో వచ్చింది. చూడటమే కదా, చూస్తే ఏం పోతుంది అనిపిస్తుంది ఎవరికైనా. ఏం పోయిందో చెప్తాను.

ఆ వెర్షన్ ఇంకా టెస్టింగ్‌లో ఉండగానే కొందరి మెషీన్లలో ఇంటెల్ నెట్‌వర్క్ కార్డులు చచ్చిపోవడం మొదలైంది. ఈ1000ఈ డ్రైవర్‌తో నడిచే కార్డులవి. వాటి లోపల శాశ్వతంగా ఉండాల్సిన డేటా చెడిపోయింది. రీబూట్ చేస్తే పోయే రోగం కాదది. ముందు అందరూ డ్రైవర్‌నీ, గ్రాఫిక్స్‌నీ అనుమానించారు. చివరికి దొరికిన దొంగ ట్రేసర్!

ఎలాగంటే, కంపైలర్ ప్రతి ఫంక్షన్ మొదట్లో ఎంకౌంట్‌కి ఒక కాల్ పెడుతుంది. ట్రేసింగ్ అక్కర్లేనప్పుడు ఆ 5 బైట్లని ఏ పనీ చేయని ఇన్‌స్ట్రక్షన్‌గా మార్చేయాలి, లేకపోతే సిస్టమ్ నెమ్మదిస్తుంది. పాత పద్ధతిలో, ఫంక్షన్ నడిచినప్పుడు దాని అడ్రస్ రాసిపెట్టుకుని, కాసేపాగి ఒక థ్రెడ్ వెళ్లి మార్చేది. ఆ కాసేపులోనే కొంప మునిగింది. మాడ్యూల్ లోడ్ అయ్యాక దాని ఇనిట్ కోడ్‌తో పనుండదు కాబట్టి కెర్నల్ ఆ జాగా ఖాళీ చేస్తుంది. అదే అడ్రస్ నెట్‌వర్క్ కార్డు ఫ్లాష్‌కి దక్కింది. ట్రేసర్ లిస్టు మాత్రం పాతదే.

మా కొల్లూరు వైపు వాళ్లకి ఇది చిటికెలో అర్థమవుతుంది. మావి కృష్ణ పక్కన లంక భూములు. 2024 సెప్టెంబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏరు ఒడ్డుని కోసేస్తే పాస్‌బుక్‌లో సర్వే నంబరు ఉంటుంది, చేను ఏట్లో ఉంటుంది. అందుకే వరద తీశాక ఎవరైనా ముందు వెళ్లి చూసొస్తారు. పాస్‌బుక్‌ని నమ్మి ట్రాక్టర్ తోలరు.

నిజానికి ఎఫ్‌ట్రేస్ కూడా చూడకుండా రాయలేదు. అసలు ట్విస్ట్ అక్కడే ఉంది. అది వాడిన కంపేర్ అండ్ ఎక్స్ఛేంజ్ ఇన్‌స్ట్రక్షన్, పాత విలువ సరిపోతేనే కొత్తది పెడుతుంది. సరిపోకపోతే? చదివిన విలువనే మళ్లీ అక్కడ రాస్తుంది. మామూలు ర్యామ్‌లో దానివల్ల నష్టం లేదు. డివైస్ మెమరీలో ఏది రాసినా ఆ డివైస్‌కి ఆర్డరే. అంటే, సరిచూడటమే చెడగొట్టడం అయింది.

వెంటనే 2.6.27.1లో ఆ భాగాన్ని ఆపేశారు. 2.6.28కి పద్ధతే మార్చారు. లిస్టు కెర్నల్ బిల్డ్ చేసేటప్పుడే తయారవుతుంది. కాల్స్‌ని బూట్ మొదట్లోనే, మాడ్యూల్ అయితే లోడ్ అవుతున్నప్పుడే మార్చేస్తారు. మాడ్యూల్ పోతే లిస్టులో దాని ఎంట్రీలూ పోతాయి. చదవడం వేరు, పోల్చడం వేరు, రాయడం వేరు. అనుకున్న బైట్లు అక్కడ లేకపోతే ఎఫ్‌ట్రేస్ వార్నింగ్ ఇచ్చి తనని తానే ఆపేసుకుంటుంది.

నాకు బాగా నచ్చింది ఈ చివరి రూల్. ట్రేసర్ లేకపోయినా కెర్నల్ నడుస్తుంది. కెర్నలే లేకపోతే ట్రేసర్ చూడటానికి ఏమీ మిగలదు. చూడటానికి వచ్చినవాళ్లకి డౌటొస్తే, ముందు తప్పుకోవాల్సింది వాళ్లే.