నీళ్లు పెట్టిన రంగు

మేము తొమ్మిదవ తరగతిలో నుండగా మా యుపాధ్యాయులు మమ్ము భైరవకోనకు వనవిహారమునకు గొనిపోయి, జలపాతము చెంత నిలువబెట్టి ఛాయాపటము తీయించిరి. చంద్రశేఖరపురము పిల్లలకు భైరవకోన పొరుగిల్లు వంటిది. ఛాయాపటము మాత్రము క్రొత్త. ఆ పటము నేటికిని మాయొద్ద గలదు. అందు ముప్పదియిద్దరు బాలురున్నారు. ముప్పదియిద్దరును పెదవులు బిగించియున్నారు. "నవ్వండి బాబూ, నవ్వండి" అని పటము తీయువాడెంత వేడుకొన్నను ఒక్కడైనను పలువరుస చూపలేదు. దానిని చూచిన పరస్థలపు మిత్రుడొకడు "మీ బడిలో క్రమశిక్షణ మెండు" అని మెచ్చుకొనెను. మాకు నవ్వు వచ్చినది. అప్పుడును నోరు మూసికొనియే నవ్వితిమి.

మా ప్రాంతమువారికి కారణము చెప్పనక్కరలేదు. కనిగిరి, పొదిలి, దర్శి, మార్కాపురము సీమలలో పుట్టి పెరిగిన పలువురి ముందరి పండ్లమీద సుద్దవంటి తెల్లని మచ్చలో, అడ్డముగా పసుపు చారలో, ముదిరినచో కాఫీరంగు మరకలో కనబడుచుండును. దీనిని మేము గార యనుకొంటిమి. గార యైనచో తోమిన పోవలయును గదా! వేపపుల్లతో తోమితిమి, ఉప్పుతో తోమితిమి, బొగ్గు నూరి తోమితిమి, ఇటుకపొడితో చిగుళ్ల నెత్తురు వచ్చువరకు తోమితిమి. మా అవ్వ వాకిట కూర్చుండి చూచి చూచి, "నీళ్లు పెట్టిన రంగురా నాయనా, బొగ్గుకు పోతాదంట్రా?" అనెడిది. అవ్వకు చదువు రాదు గనుక ఆమె మాటను మేము లెక్కచేయలేదు.

పదునెనిమిదవ యేట ఒక తిరునాళ్లలో, గొడుగు క్రింద సీసాలు పరచుకొని కూర్చున్న యొకనికి మా నోరప్పగించితిమి. వాడు దూదిని ఏదో ద్రవమున ముంచి ముందరి నాలుగు పండ్లపై రుద్దెను. నురుగు వచ్చెను, పెదవి మండెను, అద్దములో చూచుకొనగా పండ్లు జాజిమొగ్గలవలె నుండెను. ఆ తిరునాళ్లంతయు నవ్వుచు తిరిగితిమి. ఎనిమిదవ దినమున కుండలోని చల్లని నీరు నోట బోసికొనగా ఆ నాలుగు పండ్లును జివ్వుమని నడినెత్తికి పాకెను. మరకతోపాటు ఎనామెలును కరగినది. పంటిపై కవచమువంటి యా పొర శరీరమున నన్నిటికంటె గట్టిది. కాని గోరువలె, వెండ్రుకవలె మరల పెరుగదు. దాని క్రిందనుండు పదార్థము స్వభావముననే పసుపు వన్నెది. తెలుపు కోరి పోయిన మేము రెండేండ్లు తిరుగకముందే మునుపటికంటె పచ్చని పండ్లతో నిలిచితిమి. నేటికిని చల్లని నీటిని ఆ నాలుగింటికి తగులకుండ, బుగ్గ ప్రక్కనుండి మ్రింగుచున్నాము.

ఈ పాత సంగతి తవ్వుటకు మా మేనకోడలు కారణము. అయిదారేండ్ల క్రిందట దానికి పెండ్లి సంబంధములు చూచుచుండిరి. ఇద్దరు వచ్చి చూచి పోయి మరల పలుకలేదు. వారిలో నొక యిల్లాలు "పిల్ల నవ్వదేమి?" అని మా చెల్లెలిని అడిగెనట. ఆ రాత్రి పిల్ల తన చేతిఫోనులో నొక ప్రకటన చూపి, "మామయ్యా, ఏడు రోజుల్లో తెల్లగా అవుతాయంట. తెప్పించుకోనా?" అనెను. తెప్పించుకొమ్మనుటకును వలదనుటకును మాకు నోరు రాలేదు. మరునాడు దానిని పట్టణమున నొక దంతవైద్యురాలి యొద్దకు తీసికొనిపోయితిమి.

ఆమె నోట అద్దము పెట్టకమునుపే, "ఎనిమిదేళ్లు వచ్చేదాకా ఏ ఊరి నీళ్లు తాగావమ్మా?" అని యడిగెను. మాకు అవ్వ గుర్తునకు వచ్చినది.

రంగు ఎక్కడనుండి వచ్చెనో తెలిసికొనక తెలుపు చేయుటకు పూనుకొనరాదని ఆమె చెప్పెను. తేనీరు, పొగాకు, ఆకువక్కలు పెట్టిన మరక పైపైది. వైద్యుడు శుభ్రపరచిన చాలవరకు పోవును. దెబ్బ తగిలి లోపలి నరము చచ్చిన పన్ను తానొక్కటియే నల్లబడును. దాని చికిత్స వేరు. మా సీమ పిల్లల పండ్లో, చిగురు దాటి రాకమునుపే, దవడలో తయారగుచున్నప్పుడే, నీటిలోని ఫ్లోరైడుచేత చెడును. ఎనామెలు సరిగా గట్టిపడక లోపల సూక్ష్మమైన రంధ్రములతో మిగులును. పన్ను వెలికి వచ్చినపిదప ఆ రంధ్రములలోనికి రంగు దిగును. మార్కాపురము పలకమీద బలపముతో గీచినది తడిగుడ్డకు పోవును. రాతిలోనే పుట్టిన చార ఎంత రుద్దినను పోవునా? పలకయే యరుగును.

అవ్వవంటి తల్లులు అమెరికాలోను ఉండిరని తరువాత చదివి తెలిసికొంటిమి. 1901లో ఫ్రెడరిక్ మెకే అను దంతవైద్యుడు కొలరాడో స్ప్రింగ్సు పట్టణమునకు పోయి, అచ్చటివారి పండ్లమీద ఇట్టి గోధుమరంగు మరకలే చూచెను. పందిమాంసము మితిమీరి తినుటచేతనని కొందరు, పాలు మంచివి కాకపోవుటచేతనని కొందరు చెప్పిరి. 1923లో ఐడహో రాష్ట్రమునందలి ఓక్లీ గ్రామపు తలిదండ్రులు, దూరపు వెచ్చని ఊటనుండి గొట్టము వేయించుకొన్న తరువాతనే పిల్లల పండ్లు చెడినవని ఆయనతో చెప్పిరి. ఆయన ఆ నీటిని పరీక్షించి దోషమేదియు కనుగొనలేకపోయెను. అయినను వారి మాటను త్రోసివేయక, వేరొక ఊటకు మారుడని సలహా యిచ్చెను. కొన్నియేండ్లకు చిన్నపిల్లలకు మచ్చలేని పండ్లు వచ్చెను. దోషము ఫ్లోరైడుదని 1931లో చర్చిల్ అను రసాయన శాస్త్రజ్ఞుడు కనుగొనెను. 1937లో షార్టు మొదలగు వైద్యులు అప్పటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లాలో ఈ ఫ్లోరైడు పండ్లతో ఆగక ఎముకలను పట్టి, నడుమును మెడను బిగియజేయుచున్నదని ప్రకటించిరి. కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలు 1970 వరకు ఆ జిల్లాలోనివే. మన ముందరి పండ్లు లోకపు వైద్యగ్రంథములకెక్కియుండగా మేము ఇటుకపొడి వెదకుచుంటిమి!

మేనకోడలు ప్రకటనలో చూచిన మందును గూర్చి అడుగగా, అట్టివానిలో సాధారణముగా పెరాక్సైడు ఉండుననియు, అది పంటిలోనికి దిగి రంగును విరుచుననియు వైద్యురాలు చెప్పెను. పిప్పిపండ్లు, చిగుళ్లవాపు ఉన్నచో ముందు వానిని నయము చేసికొనవలయును. కొన్నాళ్లు పండ్లు జివ్వుమనవచ్చును. చిగురుకు తగిలిన కాలును. అతికించిన పండ్ల రంగు మారదు. సుద్దమచ్చలు పోవుటకు బదులు మొదట మరింత తెల్లబడి కొట్టవచ్చినట్లు కనబడవచ్చును. పిల్లలు తమంత తాము వాడదగినది కాదు. ఐరోపా సమాజమువారు 2012 నుండి వందకు పదవవంతు పాలు మించిన హైడ్రోజన్ పెరాక్సైడు గల మందును పదునెనిమిదేండ్లు నిండనివారికి వాడరాదని కట్టడి చేసిరి.

తుదకు ఆమె ఎన్నుకొన్న చికిత్స మమ్ము ఉలికిపడజేసినది. రబ్బరు రేకుతో చిగుళ్లు కప్పి, హైడ్రోక్లోరికు ఆమ్లమును మెత్తని రాతిపొడిలో కలిపి, క్షణములు లెక్కపెట్టుచు పైపొరను అతిపలుచగా రాయుట! "మామయ్యా, నీకు తిరునాళ్లలో పూసిందీ ఇదేనా?" అని పిల్ల యడిగెను. ఏమో, అదియే కావచ్చును. కాఫీరంగు చాలవరకు తగ్గినది. తెల్లని మచ్చలు కొన్ని నిలిచినవి. అద్దము చూచుకొని పిల్ల "చాలు" అనెను. తరువాతి సంబంధమువారు వచ్చినప్పుడు నవ్వెనో లేదో మేము చూడలేదు. మా చెల్లెలు మాత్రము వంటయింటిలో ఏడ్చినది.

ఆనాడు ఆసుపత్రికి మాతో పెద్ద మేనకోడలును వచ్చినది, చంకలో ఆరునెలల బిడ్డతో. వైద్యురాలు బయలుదేరబోవు మమ్ము ఆపి బిడ్డను చూపి, "వీడి నీళ్ల సంగతి చూడండి" అనెను. కాచిన నీరే గదా పోయుచున్నామని అంటిమి. కాచిన ఫ్లోరైడు ఆవిరి కాదట. నీరు తగ్గి అదియే చిక్కబడునట. ఇంటి బోరునీరు పరీక్షకు పంపగా, లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాముల హద్దు దాటియుండెను. నాటినుండి ఆ యింట రెండు బిందెలు: ఒకటి స్నానమునకు, అంట్లకు, రెండవది శుద్ధిచేసిన నీటిది, త్రాగుటకును వంటకును. రెండవది మోసికొని వచ్చు పని మా అల్లునిది. ఆయన సణుగని దినము లేదు.

మొన్న ఆ బిడ్డకు క్రింది ముందరి పాలపన్ను ఊడి, చిగురులో క్రొత్త పన్ను అంచు కనబడెను. ఇల్లెల్ల వాని నోటిలోనికి తొంగిచూచినది. బియ్యపుగింజంతయే వచ్చినది; వచ్చినంతవరకు తెల్లగానున్నది. మా చెల్లెలు చేతిదీపము తెచ్చి మరల చూడబోగా వాడు తప్పించుకొని, ఊడిన పన్నును ఇంటిమీదికి విసరుటకు వాకిటిలోనికి పరుగెత్తెను.