పగలు పనిచేసి రాత్రి ఆగే కెమెరా

చెట్టికరై లాంటి పల్లెల్లో ఇల్లొక చోట, గేటొక చోట, బోరు మోటారు మరోచోట ఉంటాయి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లని అడిగేవాళ్లు కేబుల్ లోపల ఏముందని అడగరు. ముందు అడగాల్సింది అదే. 24 గేజ్ రాగి తీగ 100 మీటర్లకు సుమారు 8.4 ఓమ్‌ల నిరోధం చూపిస్తుంది. 50 మీటర్ల దూరంలోని కెమెరాకు 12 వోల్టులు పంపితే, పోను రాను తీగ మొత్తం 100 మీటర్లు. పగలు కెమెరా కరెంటు తక్కువే తీసుకుంటుంది. చీకటి పడ్డాక ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి అర ఆంపియర్ లాగితే దారిలోనే 4 వోల్టులకు పైగా పోతాయి, కెమెరాకు 8 కూడా దక్కవు. సరిగ్గా దొంగలు తిరిగే వేళకే బొమ్మ పోతుందన్నమాట! రాగి పూత పూసిన అల్యూమినియం తీగైతే నిరోధం ఇంకో సగానికి పైగా పెరుగుతుంది.

అది చవక కదా అంటారు. పది మీటర్ల లోపైతే నడుస్తుంది, కాదనను. కానీ వంచితే తొందరగా తెగుతుంది, ఈథర్నెట్ కేబుల్ ప్రమాణాలు దాన్ని ఒప్పుకోవు. దూరం ఎక్కువైతే క్యాట్ 6 రాగి కేబుల్, పీఓఈ (నెట్‌వర్క్ కేబుల్ మీదే కరెంటు కూడా అందే) కెమెరా మేలు. అక్కడ వోల్టేజీ సుమారు 48 ఉంటుంది కాబట్టి అదే 6 వాట్లకు (12 వోల్టుల్లో అర ఆంపియర్) ఎనిమిదో వంతు ఆంపియర్ చాలు, నష్టం ఒక వోల్టు లోపే. ఈ కేబుల్ పొడవు పరిమితి 100 మీటర్లు. పాత డీవీఆర్ (వీడియో రికార్డర్) ఉన్నవాళ్లు కోయాక్సియల్ తీసేయక్కర్లేదు, అడాప్టర్‌ను కెమెరా దగ్గరే పెట్టుకుంటే సరి. ఎండలో లాగేదానికి నల్లటి పాలిథిలిన్ తొడుగున్నదే తీసుకోండి. కొనేముందు తీగ కొసను బ్లేడుతో గీకండి: లోపల తెల్లగా మెరిస్తే అది రాగి కాదు.