ఆగుతూ ఆగుతూ అందుకున్నాయి

సూళ్లూరుపేట దాటి పులికాట్ నీళ్ల నడుమ రోడ్డెక్కేసరికే చీకటి పడింది. 2024 డిసెంబర్ 30. శ్రీహరికోట లాంచ్ వ్యూ గ్యాలరీ కిటకిటలాడుతోంది. ప్రయోగం ముందు చెప్పిన 9:58కి కాదు, పది గంటలకట. పైన తిరుగుతున్న వేరే ఉపగ్రహానికి మరీ దగ్గరగా పోకుండా రెండు నిమిషాలు జరిపారు.

పీఎస్ఎల్‌వీ-సీ60 రాకెట్ మోసుకెళ్తున్నది స్పేడెక్స్ ఉపగ్రహాల జంటను. ఛేజర్, టార్గెట్. ఒక్కొక్కటి దాదాపు 220 కిలోలు. 475 కిలోమీటర్ల ఎత్తున విడిపోయి, ఎడంగా జరిగి, మళ్లీ దగ్గరై ఒకటిగా అతుక్కోవాలి.

నా పక్కన రిటైరైన ఇంజినీరు ఒకాయన మనవడితో కూర్చున్నారు.

"వెనకున్నది స్పీడు పెంచితే ముందుదాన్ని పట్టేసుకుంటుంది కదా, తాతయ్యా?"

"పెంచితే ఇంకా వెనకబడుతుందిరా!"

ఒళ్లంతా చెవులు చేసుకున్నాను. వేగం పెరిగితే కక్ష్య పైకి లేస్తుంది, చుట్టు పెద్దదవుతుంది, అది పూర్తయ్యేసరికి ఆలస్యమవుతుంది. ముందున్నదాన్ని అందుకోవాలంటే వేగం తగ్గించి కిందికి దిగాలి. 1965 జూన్‌లో జెమిని-4 వ్యోమనౌక నుంచి వ్యోమగామి మెక్‌డివిట్, తమను మోసుకొచ్చిన రాకెట్ చివరి అంచె వైపు సూటిగా పోబోయారు. ఇంధనం ఖర్చయింది గానీ చేరువ కాలేకపోయారు.

"నువ్వు టార్గెట్ మీద కూర్చున్నావనుకో. అది కదలట్లేదనే అనుకో. ఛేజర్ ఎలా కనిపిస్తుంది?" అంటూ ఆయన గాల్లో వేలితో సున్నాలు చుట్టారు, ఒక్కో సున్నా కాస్త పక్కకి జరుపుతూ. చంద్రుడి గమనం కోసం ఖగోళ శాస్త్రవేత్త హిల్ 1878లో వాడిన పద్ధతే ఇది. 1960లో క్లోహెసీ, విల్ట్‌షైర్ దాన్ని వ్యోమనౌకల కలయికకు పనికొచ్చే సమీకరణాలుగా రాశారు. అయితే భూమి నడుం దగ్గరి ఉబ్బు, అంత ఎత్తున కూడా మిగిలి ఉండే పలచని గాలి ఆ లెక్కను మెల్లమెల్లగా తప్పిస్తాయి. కొలవాలి, దిద్దాలి, మళ్లీ కొలవాలి.

రాకెట్ లేచింది. ఇసుకా చెట్లూ పట్టపగల్లా వెలిగాయి. వెలుగు కనుమరుగు కాగానే చాలామంది బస్సుల వైపు కదిలారు. మేం కదల్లేదు. పావుగంటకు రెండూ విడిపోయాయని మైకులో చెప్పారు. పెద్దాయన మనవణ్ని గట్టిగా దగ్గరికి లాక్కున్నారు.

ఇక మిగిలింది డాకింగ్, అంటే రెంటినీ కలపడం. ఇరవై కిలోమీటర్ల దూరాన నిలబెట్టి, అక్కణ్నుంచి ఐదు, ఒకటిన్నర కిలోమీటర్లు, 500 మీటర్లు, 225, 15, మూడు... ప్రతి చోటా ఆగి, అంతా సరిగ్గా ఉంటేనే ముందుకు. చేరువయ్యేకొద్దీ కొలిచే సాధనాలూ మారతాయి. ఆఖర్న తాకే వేగం సెకనుకు పది మిల్లీమీటర్లు.

జనవరి 7న అనుకున్న డాకింగ్ 9కి వాయిదా పడింది. 8న, 500 నుంచి 225 మీటర్లకు తెస్తుండగా ఉపగ్రహాల జరుగుదల అనుకున్నదాని కంటే ఎక్కువగా ఉందని అదీ ఆపారు. టీవీలో "వాయిదా" అని వినిపించినప్పుడల్లా నాకు ఆ సున్నాలు చుట్టిన వేలే కనిపించేది. ఆపగలగడమే ఇక్కడ నేర్పు. 12న మూడు మీటర్ల దాకా తెచ్చి, కావాలనే వెనక్కి జరిపారు. 16న అతికాయి. అంతకుముందు ఇది చేసిన దేశాలు మూడే: అమెరికా, రష్యా, చైనా.

మార్చి 13న విడదీశారు. ఏప్రిల్ 20న మళ్లీ కలిపారు. మొదటిసారి మూడు మీటర్ల దగ్గర మనుషులు ఆపి చూసుకున్నారు. ఈసారి 15 మీటర్ల నుంచి ఎక్కడా ఆగకుండా, ఎవరి ప్రమేయమూ లేకుండా ఉపగ్రహాలే కలిశాయి.