తరగతికి వెళ్ళలేని తల్లికి

సుమారు ముప్పయ్యేళ్ళ క్రితం, మిరపకాయల కోతకు వెళ్ళే ఒక నిండు గర్భిణి తలనొప్పిని ఎండవల్లనే అనుకొని రెండు రోజులు ఓర్చుకున్నది. మా ఆసుపత్రికి చేరేసరికే గుర్రపువాతంతో ఫిట్స్ మొదలయ్యాయి. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. అది ప్రమాద సూచన అని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ప్రసవ శిక్షణ తరగతులకు వెళ్ళే వీలు మీకు లేకపోవచ్చు. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రిలో గర్భిణులకు జరిగే ఉచిత పరీక్షలకైనా తప్పక వెళ్ళండి. రక్తపోటు ఎంత ఉందో అడిగి తెలుసుకోండి. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, రక్తస్రావం, ఉమ్మనీరు పోవడం, బిడ్డ కదలికలు తగ్గడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగక 108కి ఫోన్ చేయండి. ఈ అయిదూ మీ భర్తకు, అత్తగారికి కూడా కంఠతా రావాలి. అర్ధరాత్రి బండిని పిలవవలసినది వారే.