రాజమండ్రి కలం – మన ఇంటి పనితనం



మేము పరిచర్య చేసే ఈ తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాల్లో పాత గుళ్ళలో వివాహ రిజిస్టర్లు తిరగేస్తూంటే మూడు తరాల చరిత్ర కళ్ళకు కడుతుంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం వధూవరులు, సాక్షులు, పాస్టరు అందరూ అందులో సంతకాలు చేయాలి. పాత పేజీల్లో ఎక్కువగా కనిపించేవి వేలిముద్రలే. తరువాతి పేజీల్లో కూలిన గోడలాంటి వంకర అక్షరాలు వస్తాయి. ఆ తరువాత మనవరాళ్ళ చక్కని సంతకాలు. అలా పొలం పనుల్లో అరిగిపోయిన వేళ్ళలోకి కలం మెల్లమెల్లగా ప్రవేశించింది. చదువుకున్నవాడి జేబులో కలం ఉండడమే ఒకప్పుడు మన పల్లెల్లో పెద్ద గౌరవం.

మన ప్రాంతానికి రాతతో సంబంధం ఈనాటిది కాదు. తెనాలి నుండి రేపల్లె వెళ్ళే రైలు దారిలో భట్టిప్రోలు ఉంది. అక్కడి బౌద్ధ స్తూపంలో 1892లో దొరికిన రాతి భరిణెల మీద రెండువేల ఏళ్ళకు పైబడిన అక్షరాలున్నాయి. మనవాళ్ళు అంత పూర్వమే రాతిమీద రాశారు, తరువాత గంటంతో తాటాకు మీద రాశారు. అయితే సిరా పోసుకునే కలం మాత్రం చాలాకాలం విదేశాలనుండే వచ్చింది. ఆ లోటు తీర్చినవారిలో మన తెలుగువాడూ ఉన్నాడు. ఆయన రాజమండ్రికి చెందిన కోసూరి వెంకటరత్నం గారు.

రత్నంగారు స్వర్ణకారులు. నగలకు కావలసిన అచ్చులు చెక్కడంలో నేర్పరి. 1921లో ఆయన గాంధీగారిని కలిసి తన పనితనం చూపించారట. సామాన్య జనానికి పనికివచ్చే వస్తువు ఏదైనా చేయమని గాంధీగారు సలహా ఇచ్చారని ఆ కుటుంబం చెబుతూ వస్తోంది. ఆ మాటను రత్నంగారు గుండెలో పెట్టుకున్నారు. 1932లో కలాల తయారీ మొదలుపెట్టారు. మొదట్లో కొన్ని భాగాలు విదేశాలవి వాడక తప్పలేదు. గాంధీగారికి కావలసిందేమో పూర్తిగా ఇక్కడే తయారైన కలం. మూత ఇక్కడిది, పాళీ ఇంకెక్కడిదో అంటే ఆయన ఒప్పుకునే మనిషి కాదు. రత్నంగారు దానికి కోపం తెచ్చుకోలేదు, నిరాశపడి పని మానుకోనూ లేదు. మళ్ళీ పనిముట్ల ముందు కూర్చున్నారు. చివరకు పూర్తి స్వదేశీ కలం తయారుచేసి పంపారు. దాన్ని వాడి చూశాననీ, బజారులో దొరికే విదేశీ కలాలకు మంచి బదులుగా ఉందనీ గాంధీగారు 1935 జూలై 16న ఆయనకు ఉత్తరం రాశారు.

ఆ కలాన్ని గాంధీగారికి చేర్చినది ఎవరో మన పాఠకులు తప్పక తెలుసుకోవాలి. ఆయన జె. సి. కుమారప్పగారు. పూర్తి పేరు జోసెఫ్ కొర్నేలియస్ కుమారప్ప. 1892లో తంజావూరులో క్రైస్తవ కుటుంబంలో పుట్టారు. లండనులో లెక్కల పరీక్షలు పాసై, అమెరికాలో అర్థశాస్త్రం చదివారు. డబ్బు సంపాదించే దారులు ఎన్ని ఉన్నా వదులుకుని గ్రామ పరిశ్రమల సంఘం పని నెత్తికెత్తుకున్నారు. జైల్లో ఉండగానే యేసు బోధలను గురించి పుస్తకం రాశారు. తంజావూరు క్రైస్తవుడు, రాజమండ్రి స్వర్ణకారుడు, సబర్మతి పెద్దాయన – ఈ ముగ్గురినీ ఒక నల్లని కలం కలిపింది!

లూథర్‌గిరిలో వేదాంత విద్య అభ్యసించే రోజుల్లో మేము ఇలాంటి కలాల పని దగ్గరగా చూశాము. కలం గొట్టానికి వాడేది ఎబొనైటు. రబ్బరులో గంధకం కలిపి, వేడిచేసి గట్టిపరిస్తే వచ్చే నల్లని కడ్డీ అది. దాన్ని ముక్కలుగా కోసి, లేత్ మీద తిప్పుతూ లోపల తొలిచి, పైన చెక్కి, మరలు కోస్తారు. కాలిన రబ్బరు వాసన వస్తుంది, పనివాని వేళ్ళు నల్లబడతాయి. అన్నిటికన్నా కష్టమైనది పాళీ కింద ఉండే నాలుక. దానిలో సన్నని గాడి ఉంటుంది. గాడి కాస్త ఎక్కువైతే సిరా కక్కుతుంది, తక్కువైతే అక్షరం మధ్యలో ఎండిపోతుంది. వెంట్రుకవాసి తేడాతో కలం పనికిరాకుండా పోతుంది. ఆ తేడా ఏ పుస్తకంలోనూ దొరకదు. తండ్రి పక్కన కూర్చుని కొడుకు నేర్చుకోవలసిందే.

ఇలాంటి కుటుంబాలు ఇటలీ దేశంలోనూ ఉన్నాయి. బొలోన్యా పట్టణంలో ఆర్మాండో సిమోని అనే ఆయన 1925లో ‘ఓమాస్’ అనే కలాల కర్మాగారం పెట్టారు. ఆయన తరువాత వారసులు నడిపారు. 2000లో అది పెద్ద వ్యాపార సంస్థ చేతికి వెళ్ళింది, మళ్ళీ చేతులు మారింది. చివరకు 2016లో మూతపడింది. ప్రపంచమంతా పేరున్న సంస్థే అయినా నిలవలేదు. మన రాజమండ్రిలో మాత్రం ఆ కుటుంబంలోనే రత్నం, రత్నంసన్ అనే రెండు పేర్లతో కలాలు తయారవుతున్నాయి. చవక బాల్‌పెన్నుల వరదలో కూడా ఆ దీపం ఆరలేదు.

ఈ సంగతులన్నీ ఎందుకు చెబుతున్నామంటే, మా సంఘంలో ఒక నేత కుటుంబం ఉంది. ఆ ఇంటి పెద్దాయన ఒకనాడు మాతో, “అయ్యగారూ, మా వాడు మగ్గం మీద కూర్చోనంటున్నాడు. హైదరాబాదు వెళ్ళి ఏదో కంపెనీలో చేరతాడట. బలవంతం చేయమంటారా, పోనిమ్మంటారా?” అని అడిగారు. మేము వెంటనే జవాబు చెప్పలేదు. ఆ అబ్బాయితో విడిగా మాట్లాడితే, “పని అంటే నాకు ఇష్టమేనండీ. నాన్న నేసిన చీర మీద షాపువాడికి మిగిలినంత కూడా నాన్నకు మిగలదు. అదే నాకు బాధ” అన్నాడు.

ఆ మాటలో న్యాయముంది. తండ్రి పని కొడుకు చేయాలని ఎక్కడా నియమం లేదు. కులవృత్తి పేరుతో మన పెద్దల్ని ఎన్ని తరాలు కట్టిపడేశారో మరచిపోగలమా? ఇష్టంలేని మెడకు కాడి కట్టకూడదు. కాని ఇష్టం ఉండి కూడా పిల్లవాడు పనిని వదిలిపోతున్నాడంటే ఆ తప్పు వాడిది కాదు. కొనేవాళ్ళమైన మనది. చేతి పనికి బేరమాడి, మిషను పనికి అడిగినంత ఇచ్చి వస్తాం. పది రూపాయల పెన్ను అయిపోగానే పారేసి మరొకటి కొంటాం. బాగుచేయించుకునే అలవాటే పోయింది.

రత్నంగారి కలం బతకడానికి ఆయన పట్టుదల ఒక్కటే చాలలేదు. దాన్ని చేతబట్టుకుని వెళ్ళిన కుమారప్పగారు కావలసి వచ్చారు. వాడి చూసి, బాగుందని రాసి పంపిన మనిషి కావలసి వచ్చాడు. చేసేవాడికి ఓర్పు, మోసేవాడికి ప్రేమ, వాడేవాడికి న్యాయబుద్ధి – మూడూ కలిస్తేనే ఒక పని నిలుస్తుంది.

కాబట్టి ప్రియులారా, ఈ పండుగకు బట్టలు కొనేటప్పుడు మీ ఊరి మగ్గం వైపు ఒకసారి చూడండి. కుర్చీ విరిగితే మీ ఊరి వడ్రంగిని పిలవండి, అడిగిన కూలి చేతిలో పెట్టండి. పని బాగుంటే బాగుందని నోరారా చెప్పండి. ఆ నేత ఇంటి అబ్బాయి ఆరు నెలలు ఆగి చూస్తానన్నాడు. మా సంఘంలోని నాలుగు కుటుంబాలు ఈసారి పెళ్ళి చీరలు ఆ ఇంట్లోనే నేయించుకుంటామని మాట ఇచ్చాయి. ఆరు నెలల తరువాత ఏమవుతుందో మా చేతుల్లో లేదు. ఇచ్చిన మాట నిలుపుకోవడం మాత్రం మా చేతుల్లో ఉంది.