వంటగట్టుకు ఏ రాయి?

ఇల్లు కట్టేటప్పుడు మార్బుల్ వేస్తే హోదా, గ్రానైట్ వేస్తే సర్దుబాటు అన్నట్టు మాట్లాడతారు. వంటగట్టు దగ్గర మాత్రం ఈ లెక్క తలకిందులవుతుంది. మార్బుల్ ప్రధానంగా కాల్షియం కార్బొనేట్. నిమ్మకాయ పిండినా, చింతపండు పులుసు ఒలికినా ఆమ్లం దాని పైపొరను తినేస్తుంది. ఎంత తుడిచినా ఆ మేర మెరుపు పోయి పాలిపోయిన మచ్చ మిగులుతుంది. గ్రానైట్‌లోని క్వార్ట్జ్, ఫెల్డ్‌స్పార్‌లకు మన వంటింటి పులుపు ఒక లెక్క కాదు. కాఠిన్యంలోనూ అంతే, మోస్ కొలమానం మీద మార్బుల్‌లోని కాల్సైట్‌ది 3, క్వార్ట్జ్‌ది 7. అన్నట్టు, నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ భూగర్భశాస్త్రం ప్రకారం అసలు గ్రానైటే కాదు, గాబ్రో జాతి రాయి. అందులో మెరిసే బంగారు చుక్కలు బ్రాంజైట్ ఖనిజానివి. అయినా వంటింట్లో దాని పనితనానికి వంక పెట్టలేం.

మక్రానా పాలరాయి తొడిగిన తాజ్‌మహల్ మూడున్నర శతాబ్దాలకు పైగా నిలబడలేదా అంటారు. నిలబడింది, కానీ అక్కడెవరూ చారు కాచలేదు! సీలర్ పూస్తే చాలన్నది ఇంకో వాదన. అది నూనె, పసుపు ఇంకకుండా కొంత ఆపుతుంది గానీ పులుపు కొరకడాన్ని ఆపదు. హోటల్ కౌంటర్‌కైతే మార్బుల్ మరీ చేటు. హాలుకు, పడగ్గదికి నిక్షేపంగా వేసుకోండి. వంటగట్టు రాయి కొనేముందు మాత్రం చిన్న ముక్క అడిగి తెచ్చుకుని, దానిమీద రాత్రంతా నిమ్మచెక్క బోర్లించి చూడండి.