ఆఖరి బంతి

విమానాశ్రయానికి పెట్టే బేడాతో వెళ్ళి, సీటు ఖాళీ ఉంటే ఎక్కి, లేకపోతే కుర్చీలో కూలబడే జనం కొందరుంటారని మా అమ్మాయికి అమెరికాలో విమానాల కంపెనీ ఉద్యోగం వచ్చాకే మాకు తెలిసింది. దాన్ని స్టాండ్‌బై అంటారు. మన రైళ్ళ వెయిటింగ్ లిస్టుకి చుట్టమే గానీ అదీ కాదు. వెయిటింగ్ లిస్టువాడు డబ్బు పోసి కొన్నవాడు, కావాలంటే దెబ్బలాడగలడు. ఇది పెళ్ళింట్లో ఇంటివాళ్ళ భోజనం లాంటిది. ముందు మగపెళ్ళివారి బంతి, తరవాత ఊళ్ళోవాళ్ళ బంతి, ఆఖర్న గంగాళంలో ఏమన్నా మిగిలితే ఇంటివాళ్ళు. మిగలకపోతే మజ్జిగ తాగి పడుకోవడమే. ఉద్యోగులూ, వాళ్ళ తల్లిదండ్రులూ ఆ ఆఖరి బంతి వాళ్ళన్నమాట.

ఆ లెక్కన మావారూ, అమ్మాయీ, నేనూ హవాయి దీవులు చూసొచ్చాం. శాన్‌ఫ్రాన్సిస్కో నించి హొనొలులూకి అయిదు గంటల పైనే ప్రయాణం. కింద సముద్రం తప్ప చూద్దామంటే ఒక లంక ముక్క కూడా ఉండదు. వెళ్ళడం సుఖంగానే వెళ్ళాం. చిక్కంతా తిరుగు ప్రయాణంలో వచ్చింది.

సెలవుల్లో ఆఖరి రోజు ఉందే, దాన్ని రోజు కింద జమకట్టకూడదు. మనసు సగం సూట్‌కేసులోనే ఉంటుంది. పైగా మా అమ్మాయి అరగంటకోసారి ఫోను చూసి ఖాళీలు చదువుతోంది. పొద్దున్న “ఆరు” అంది. టిఫిను వేళకి “మూడు” అంది. పదకొండింటికి “మైనస్ రెండు” అంది.

“మైనస్ రెండు సీట్లేమిటే?” అన్నాను. లెక్కల పంతులమ్మని కదా, ఊరుకోలేను.

“ఉన్నవాటికంటే రెండెక్కువ అమ్మారమ్మా. కొన్నవాళ్ళలో కొందరు రారు. వాళ్ళు రాకపోతేనే మనం.”

అంటే ఎవరో ఎక్కడో ట్రాఫిక్‌లో చిక్కుకుపోవాలని మనం కోరుకోవాలన్నమాట. మావారు ఆ మాట విని “పాపం కదుటే” అన్నారు గానీ, మధ్యాన్నానికి ఆయనే “ఇంకెవరన్నా మానేశారా?” అని అడగడం మొదలెట్టారు.

ఇలా కూచుంటే మతిపోతుందని నేనే వాళ్ళని ఇయొలానీ పేలెస్‌కి లాక్కెళ్ళాను. అమెరికా గడ్డమీద రాజుల కోట! 1893లో అక్కడి తెల్ల వ్యాపారులూ వాళ్ళ మనుషులూ కలిసి లిలియువొకలాని రాణిని గద్దె దింపారు. 1895లో ఆవిణ్ణి ఆ కోటలోనే, మేడమీద గదిలో, నెలల తరబడి నిర్బంధించారు. ఏం చేస్తుంది మహాతల్లి? పాటలు కట్టుకుంది, తోడున్నవాళ్ళతో కలిసి బొంత కుట్టింది. ఆ బొంతని ఇప్పటికీ అక్కడ చూపెడుతున్నారు. పట్టు పీలికలూ, రిబ్బన్లూ కలిపి కుట్టిన రంగురంగుల బొంత. మా అమ్మమ్మ పాతచీరలతో కుట్టేదే, కాకపోతే రాణిగారి చేతిది. “అలోహా ఓయ్” పాట కూడా ఆవిడ అంతకుముందెప్పుడో కట్టినదే. ఇద్దరు ప్రేమికులు విడిపోయే పాట, రాను రాను ఆ దీవుల వీడ్కోలు పాట అయి కూచుంది. 1898లో దీవులు అమెరికాలో కలిసిపోయాయి, 1959లో రాష్ట్రమయ్యాయి. నేనక్కడ అరగంట నించున్నాను. మావారు మటుకు బయట మర్రిచెట్టు కింద కునుకు తీశారు.

సాయంత్రం విమానాశ్రయంలో మరో ముచ్చట. అక్కణ్ణించి అమెరికా పెద్దగడ్డకి పళ్ళూ మొక్కలూ పట్టుకెళ్ళాలంటే వ్యవసాయశాఖ వాళ్ళు సామాను తనిఖీ చేస్తారు, పురుగులు పాకుతాయని. అనాసపండుకి సరే, కొబ్బరికాయకి సరే, పచ్చి మామిడిపండు మటుకు కూడదు. సంతలో కొన్న మామిడిపళ్ళు ఇంకా నాలుగున్నాయి. ఆంధ్రులం, మామిడిపండుని చెత్తబుట్టలో పడేస్తామా? గుమ్మం బయటే నించుని ముగ్గురం టెంకలు చీకేశాం. వచ్చేపోయేవాళ్ళు చూస్తే చూశారు.

తొమ్మిదింటి విమానం. గేటు దగ్గిర తెరమీద మా పేర్లు పడ్డాయి. ఇంటిపేరులో మూడక్షరాలూ, పేరులో ఒకటీ వేస్తారు. మాది అచ్చం దగ్గుమందు పేరులా తేలింది. కొన్నవాళ్ళంతా ఎక్కేశారు. కౌంటర్లో అమ్మాయి మమ్మల్ని పిలిచి “రెండే ఉన్నాయి, అయిదు నిమిషాల్లో తలుపేస్తాం” అంది.

ముగ్గురం, రెండు సీట్లు. అమ్మాయికి తెల్లారి ఆరింటికి డ్యూటీ, కొత్త ఉద్యోగం. ఆయనకి చక్కెరజబ్బు, రాత్రి మేలుకుంటే పడదు. ఎల్లుండి మాకు హైదరాబాదు ప్రయాణం, అదీ రొక్కం పెట్టి కొన్న టిక్కెట్టు. రేపటి విమానాలన్నీ కిక్కిరిసి ఉన్నాయి. “మీరిద్దరూ వెళ్ళండి, నేను సెలవు పెడతాను” అని అమ్మాయి. “ఆడవాళ్ళు వెళ్ళండి, నేనుంటా” అని ఆయన.

ముప్ఫయ్యేళ్ళు తొమ్మిదో క్లాసుకి పాఠం చెప్పిన గొంతు నాకింకా పోలేదు. “ఇద్దరూ నడవండి” అన్నాను. తండ్రీకూతుళ్ళు నడిచారు. ఆయన తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వెనక్కొచ్చి, సంచీలోంచి చేగోడీల పొట్లం తీసి నా చేతిలో పెట్టి, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. తలుపేశారు.

పుట్టి బుద్ధెరిగాక నేను ఒంటరిగా రాత్రి గడిపిన సందర్భం లేదు. ఇంకో విమానం పదకొండింటికి. లిస్టులో నేను నాలుగు. నా తరవాత ఐదో పేరుగల ముసలావిడ వచ్చి పక్కన కూచుంది, మెళ్ళో దేవగన్నేరు దండతో. కొడుకు సామాన్లెత్తే ఉద్యోగంట, ఆవిడా ఆఖరి బంతే. అచ్చమైన ఆ దీవుల మనిషి. ఆవిడ భాషలో మాటలన్నీ అచ్చుతోనే ఆగుతాయి, మనలాగే. ఏం పండిస్తారంటే “కలో” అంది, తీరా చూస్తే మన చేమదుంప! వాళ్ళ కథల్లో చేమ మొదట పుట్టింది, మనిషి తరవాత పుట్టాడు, కాబట్టి చేమ అన్నగారట. తమ్ముళ్ళని పోషించడం అన్నగారి ధర్మమట. మా ఇంట్లో ఆ అన్నగారికి పులుసు పెడతామని చెప్పడానికి నాకు నోరు రాలేదు.

పదిన్నర దాటింది. ముందు ముగ్గుర్నీ పిలిచారు. తరవాత నన్ను. “ఇదే ఆఖరిది” అన్నారు. నేను ఆవిడ వంక చూశాను.

“వెళ్ళు. దొరక్కపోతే నేను ఇంటికెళ్ళి పడుకుంటాను. నా ఇల్లిక్కడే” అంది.

చేగోడీల పొట్లం ఆవిడ ఒళ్ళో పెట్టి పరిగెత్తాను. ఆఖరి వరసలో మధ్య సీటు, వెనక మరుగుదొడ్డి. చక్రవర్తి సింహాసనం ఇచ్చినా అంత సంతోషపడను.

పొద్దున్న ఏడింటికి శాన్‌ఫ్రాన్సిస్కోలో దిగేసరికి గేటు ఎదురుగా కుర్చీలో ఆయనొక్కరే కూచుని ఉన్నారు. అమ్మాయి అటునించటే డ్యూటీకి వెళ్ళిపోయిందట. ఇంటికెళ్ళి పడుకోకుండా రెండు గంటల నించీ అక్కడే కాచుకు కూచున్నారట. నన్ను చూసి లేచి, చేతిసంచీ అందుకుని, లోపలికి తొంగిచూశారు.

“చేగోడీలేవీ?” అన్నారు.